ఖాళీ వదలని చెయ్యి

అరుణ మా లైనులోకి వచ్చిన మొదటి రోజే నాకు ఒళ్ళు మండించింది.

పాశమైలారంలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ సెక్షన్‌లో నేను చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. నా పేరు రుక్మిణి. సెక్షన్‌లో సీనియర్ని కాబట్టి కొత్తగా వచ్చిన ఆడపిల్లలకు పని చూపించేది నేనే. గోళీలు గుంటల్లో పడి, మీద రేకు అంటుకుని, స్ట్రిప్పులు స్ట్రిప్పులుగా బెల్టు మీద కదిలి వస్తుంటాయి. ఏ స్ట్రిప్పులోనైనా ఒక గుంట ఖాళీగా కనబడితే దాన్ని తీసి పక్కన పడేయాలి. ఇదంతా చెప్పి, అర్థమైందా అని అడిగాను. అర్థమైందని తలూపింది. రెండు స్ట్రిప్పులు చూసి నా వైపు తిరిగింది.

"అక్కా, ఈ గోలి లోపటికి పోయినంక ఏం జేస్తది?"

జ్వరం తగ్గిస్తుందని చెప్పాను.

"ఎట్ల తగ్గిస్తది?"

ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగని ప్రశ్న అది. ఎన్ని గోళీలు నా కళ్ళ ముందు నుంచి పోయి ఉంటాయో లెక్కే లేదు, అయినా నాకూ ఎప్పుడూ అడగాలనిపించలేదు. జవాబు తెలియకపోతే నాకు కోపం వస్తుంది, నా గుణమే అంత. బెల్టు వైపు చూడు, నా మొహం వైపు కాదని గట్టిగానే కసిరాను.

ఆ పిల్ల మా ఊరిదేనని తరువాత తెలిసింది. మా ఇంద్రేశంలో ఇప్పుడు పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. ఎటు చూసినా కొత్త ఇళ్ళే. ఎవరి పిల్లలు ఎవరో పోల్చుకోలేని పరిస్థితి. వాళ్ళ నాన్న మల్లేష్ నాకు బాగా తెలుసు. అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్లకు నీళ్ళ ట్యాంకరు తోలుతాడు. కూతురు సంగారెడ్డి గవర్నమెంటు కాలేజీలో బైపీసీ చదివిందట, మార్కులు కూడా బాగా వచ్చాయట. డాక్టరు కావాలని కోరిక. నీట్ పరీక్షకు కోచింగ్ అంటే హైదరాబాదులో హాస్టలూ ఫీజులూ. ఆ ఊసే ఎత్తకుండా మా కంపెనీలో చేరి, ఇంట్లో తనంతట తనే చదువుకుంటోంది. ఇది విన్నప్పుడు నేను నవ్వాను. రోజంతా నిలబడి పనిచేసి ఇంటికి పోయాక అన్నం తినడానికే నాకు ఓపిక ఉండదు, ఇక ఈ పిల్ల చదివేదేమిటి అనుకున్నాను.

మా సెక్షన్ లోపలికి ఫోను తేకూడదు, కాగితం ముక్క తేకూడదు. బట్టలు మార్చుకుని, తలకు టోపీ, మొహానికి మాస్కు, చేతులకు గ్లౌజులు వేసుకుని లోపలికి పోతే, షిఫ్టు అయ్యేదాకా బయటి ప్రపంచంతో సంబంధం లేదు. అరుణ ఏం చేసేదంటే, పొద్దున కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒక్క పాఠం చదివేది. ఆ కిటికీ సీటు నాది. దాని కోసం మొదట్లో మా ఇద్దరికీ గొడవ కూడా అయింది. చదివిన ఆ ఒక్క పాఠాన్ని తలలో పెట్టుకుని లోపలికి వచ్చేది. చేతులు స్ట్రిప్పులు తీస్తుంటే లోపల పాఠం నడుస్తుండేది.

ఒకరోజు మాస్కు వెనక ఆమె పెదాలు కదులుతుండటం చూసి, ఏ దేవుడి పేరు తలుచుకుంటున్నావని ఎగతాళి చేశాను.

"గుండెల తిరుగుతున్నక్కా," అంది. "రక్తం ఎట్ల పోతదో నేను గూడ గట్లనే పోతున్న. ఇప్పుడు ఊపిరితిత్తుల కాడికి పోయి మళ్ళ ఎడమ దిక్కుకు వచ్చిన."

ఆ మధ్యాహ్నం తిరుగు బస్సులో ఆ దారంతా నాకు చెప్పింది. మలినమైన రక్తం ఎటు నుంచి వస్తుంది, ఏ తలుపు తెరుచుకుంటుంది, ఏ తలుపు మూసుకుంటుంది, మనకు వినబడే చప్పుడు ఆ తలుపులదేనని. నేను తెలియకుండానే చేత్తో ఛాతీ పట్టుకుని కూర్చున్నాను. పుట్టినప్పటి నుంచి నాలో ఇంత పని జరుగుతోందా అని ఆశ్చర్యం వేసింది. ఇంటికి వెళ్ళి మా ఆయన నిద్రపోతుంటే ఆయన ఛాతీకి చెవి ఆనించి విన్నాను. ఏమైందే నీకు అని ఆయన హడలిపోయి లేచాడు.

ఆ తరువాత కిటికీ సీటు నేనే ఆమెకు వదిలేశాను. ఆ ఏడాది మా బస్సులో ఆడవాళ్ళందరం మూత్రపిండాలు తిరిగాం, చెవి లోపలికి వెళ్ళాం, ఆకు లోపల ఎండ ఎలా తిండి అవుతుందో విన్నాం. భౌతికశాస్త్రం ఆమెకు కొరకరాని కొయ్యగా ఉండేది. ఫోనులో ఒకే వీడియోను మళ్ళీ మళ్ళీ చూసేది. చెప్పేవాళ్ళు లేరని ఆమె ఏడవగా నేను ఎన్నడూ చూడలేదు. అర్థం కాకపోతే అర్థమయ్యేదాకా అక్కడే కూర్చునేది. అంత పట్టుదల ఉన్న మనిషిని నేను అంత దగ్గరగా చూడటం అదే మొదలు.

ఇప్పుడు మా పనిలో రెండో సంగతి చెప్పాలి. గోళీల కంటే అదే పెద్దది, కాగితాలు. ప్రతి బ్యాచ్‌కూ ఒక కట్ట కాగితాలు ఉంటాయి, వాటి నిండా గడులు. గంటగంటకూ మిషన్ వేడి ఎంత, స్ట్రిప్పులు ఎన్ని, చూసిందెవరు, అన్నీ రాయాలి. పరాయి దేశాల నుంచి తనిఖీవాళ్ళు వచ్చి వాటిని తిరగేస్తారు. ఒక్క గడి ఖాళీగా కనబడితే కొంప మునిగినట్టే. రాయడానికి ఏమీ లేకపోతే అడ్డంగా గీతైనా గీయాలి. తప్పు రాస్తే దిద్దకూడదు, చెరపకూడదు. కింద రాసింది కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం పెట్టి తారీఖు వేయాలి. మా క్వాలిటీ ఆఫీసరు వీర్రాజు గారు గోదావరి వైపు మనిషి. కొత్తవాళ్ళకు ముందుగా ఆయన నేర్పేది ఇదే. కొన్నాళ్ళకు అది ఒంటికి పట్టేస్తుంది. మా ఇంట్లో క్యాలెండరు మీద పాలవాడి లెక్క తప్పు పడినా, నేను గీత కొట్టి సంతకం పెడతాను. మా ఆయనకు అదొక వేళాకోళం.

అరుణ మొదటిసారి పరీక్ష రాసింది మే నెల ఎండలో, సంగారెడ్డిలో ఒక స్కూల్లో. వాళ్ళ అమ్మకు ఎండ పడదని నేను తోడు వెళ్ళాను. సాయంత్రం గేటు తెరిచాక పిల్లలు కొందరు ఏడుస్తూ, కొందరు తల్లుల మీద విసుక్కుంటూ వచ్చారు. మా పిల్ల మాత్రం నవ్వు మొహంతో వచ్చింది.

"ఒక్కటి గూడ ఇడ్సలేదక్కా," అంది.

శభాష్ అని వీపు తట్టాను. ఒక్క గడి కూడా ఖాళీ లేకుండా నింపి వచ్చిందంటే అంతకంటే ఇంకేం కావాలి? చెరుకు రసం తాగించాను. బస్సులో అందరికీ గొప్పగా చెప్పాను, వాళ్ళూ నాలాగే మురిసిపోయారు. మా లైను మొత్తంలో ఆ మాట విని అనుమానపడ్డవాళ్ళు ఒక్కరూ లేరు.

పరీక్ష రాసినవాళ్ళ జవాబు కాగితాన్ని ఫోటో తీసి నెట్‌లో పెడతారట. అది వచ్చిన రోజు అరుణ మా ఇంటికి వచ్చి ఫోను నా చేతికిచ్చింది. కాగితం నిండా వరసలు వరసలుగా నల్లటి గుండ్రాలు. మధ్యలో ఒక చోట గుండ్రం మీద ఒక గీత ఉంది. దాని పక్కన సన్నగా అరుణ సంతకం, ఆనాటి తారీఖు.

నాకు నవ్వాగలేదు. ఆమె మొహం చూశాక ఆగింది.

అప్పుడు వివరంగా చెప్పింది. ఒప్పు జవాబుకు నాలుగు మార్కులు. తప్పు పెడితే ఉన్నవాటిలోంచి ఒకటి పోతుంది. వదిలేస్తే ఏమీ పోదు. మరి ముందు తెలియదా అని అడిగాను. తెలుసట. కష్టమైన లెక్కలను ముందు వదిలేసి, చివర్లో తీరిగ్గా చేద్దామనే అనుకుందట. కానీ సగం పరీక్ష అయ్యాక కాగితం వైపు చూస్తే అక్కడక్కడా తెల్లగా కనబడ్డాయట. ఇక ఆ తెలుపు తప్ప ఆమెకు ఇంకేమీ కనబడలేదు. చేయగలిగిన లెక్కలను కూడా చేయకుండానే, ఏదో ఒక గుండ్రం నింపుకుంటూ పోయింది.

"చెయ్యి ఆగలే అక్కా. నేను వద్దంటనే ఉన్న, అది నింపుతనే ఉన్నది."

నిదానంగా చేసిన ప్రశ్నలన్నీ దాదాపు ఒప్పులే. తొందరపడి నింపినవే ముంచాయి. సీటు రాలేదు.

మల్లేష్ మంచివాడు, మళ్ళీ రాయమన్నాడు. అరుణ మాత్రం తనకు తానే గడువు పెట్టుకుంది. ఇంకొక్కసారి రాస్తాను, ఈసారి కూడా రాకపోతే పుస్తకాలు ఎవరికైనా ఇచ్చేసి ఇక ఆ మాట ఎత్తను అంది. ఏటేటా ఇదే ఆశతో బతకడం తన వల్ల కాదంది. ఊరికే అనే పిల్ల కాదు కాబట్టి నాకు భయం వేసింది.

ఈ సంగతి వీర్రాజు గారి దాకా పోయింది. సంతకం, తారీఖు అనగానే ఆయన పడీ పడీ నవ్వారు. కాసేపటికి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చుండిపోయారు. మరునాడు అరుణను పిలిచి, అట్టపెట్టెల సెక్షన్‌కు మార్పిస్తానని, అక్కడ గడులు నింపే పని ఉండదని, చెయ్యి ఈ అలవాటు మరిచిపోతుందని చెప్పారు. నేనైతే ఎగిరి గంతేసేదాన్ని. అరుణ ఒక పూట ఆలోచించి వద్దంది.

"ఆస్పత్రిల గూడ కాగితాలుంటయి గద సార్. ఆడ ఖాళీ ఇడ్సిపెడితే మనిషికే మోసం. నాకు రెండూ రావాలె."

ఆయన నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. ఇంకా సీటే రాలేదు, ఈ పిల్ల అప్పుడే ఆస్పత్రిలో నిలబడి ఆలోచిస్తోంది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం మా ఇంటి వరండాలో పరీక్ష. పటాన్‌చెరులో జవాబు కాగితాలు జిరాక్సు తీయించుకొచ్చేది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టేది. ప్రశ్నలు నాకు అర్థం కావు, నా పని ఆమె చెయ్యి చూడటమే. చదవకుండా, ఆలోచించకుండా పెన్ను గుండ్రం మీదికి పోతే "ఇడ్సిపెట్టు" అనాలి. మొదటి వారాల్లో ఆ మాట అనీ అనీ నా గొంతు ఎండిపోయేది. ఆమె అరచెయ్యి చెమటలు పట్టి కాగితం తడిసేది. ఒక్కోసారి పెన్ను కింద పెట్టి చేతిని తొడ కింద అదిమిపెట్టుకునేది. వారమంతా రోజుకు ఎనిమిది గంటల పాటు ఖాళీ ఉంచకూడదని నేర్చుకుని, ఆదివారం ఖాళీ ఉంచాలని నేర్చుకోవడం ఎంత నరకమో నేను కళ్ళారా చూశాను.

నా బాధ నాది. ఆ తెల్ల గుండ్రాలు చూస్తుంటే నాకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుండేది. ఒక ఆదివారం ఆమె నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళింది. కాగితం నా ముందు ఉంది, పెన్ను పక్కనే ఉంది. ఆమె తిరిగి వచ్చేసరికి నేను వరసగా నింపుకుంటూ పోతున్నాను. ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలియదు.

తిట్టిపోస్తుందనుకున్నాను. గడపలో నిలబడి, నా చేతినే రెప్పవేయకుండా చూసింది. తరువాత కూలబడి, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. నాకు ఉక్రోషం వచ్చి పెన్ను విసిరేశాను.

"కోపం గాకక్కా," అంది నా చెయ్యి పట్టుకుని. "నాది నాకు కనబడలే. నీది కనబడ్డది. వేడి గిన్నె ముట్టుకుంటే చెయ్యి ఎనుకకు వస్తది సూడు, అది మెదడు దాకా పోదు, వెన్నుపాము కాడ్నే తిరుగుతది. గిది గూడ గట్లనే అయింది మనకు. దీన్ని మెదడు దాకా తోల్కపోవాలె, గంతే."

పుస్తకంలో చదివిన ముక్కను తన రోగానికి తనే మందుగా వాడుకోవడం నేను అప్పుడు చూశాను. ఆ రోజు నుంచి ఒక పద్ధతి పెట్టుకుంది. గుండ్రం నింపే ముందు పెన్ను పైకెత్తి, ఎందుకు అని తనను తానే అడగాలి. కారణం దొరికితే నింపాలి. దొరకకపోతే ముందుకు పోయి, టైముంటే వెనక్కి రావాలి. కొన్ని వారాలు పెదాలతో పైకే అడిగేది, తరువాత మనసులో. చలికాలం పోయేసరికి నేను "ఇడ్సిపెట్టు" అనాల్సిన అవసరం లేకుండా పోయింది. ఎదురుగా ఊరికే కూర్చునేదాన్ని. మరునాడు షిఫ్టులో అదే చెయ్యి బ్యాచ్ కాగితాల్లో ఒక్క గడి వదలకుండా నింపేది. ఒకే మనిషి, ఒకే చెయ్యి. తపస్సు అనే మాట నేను పూజల్లో విన్నాను గానీ, మనిషిలో చూసింది మాత్రం మా వరండాలోనే.

రెండోసారి పరీక్షకు మల్లేష్ ట్యాంకరు వేసుకుని వచ్చాడు. గేటు దగ్గర దాని నీడలోనే కూర్చున్నాం. అరుణ బయటికి వచ్చేసరికి మొహం పీక్కుపోయి ఉంది. ఎలా రాశావని అడగడానికి ధైర్యం చాల్లేదు. ఆమే చెప్పింది.

"తెల్వనియి ఇడ్సిపెట్టిన. ఆఖరి దాంక తెల్లగనే ఉన్నయి. సూస్కుంటనే కాగితం ఇచ్చి వచ్చిన."

ఎన్ని వదిలిందో లెక్కపెట్టలేదట. నాకు మాత్రం ఆ తెల్ల గుండ్రాలు నెల రోజులు కలలోకి వచ్చాయి.

ఫలితాలు జూన్‌లో మా షిఫ్టు నడుస్తుండగా వచ్చాయి. మా ఫోన్లన్నీ బయట లాకర్లలో ఉన్నాయి. వీర్రాజు గారు మా గది అద్దం అవతల నిలబడి, తన ఫోను చూపిస్తూ, నంబరు చెబితే చూస్తానని సైగ చేశారు. అరుణ గ్లౌజు చేతితో బెల్టు చూపించి, షిఫ్టు అయ్యాక అని సైగ చేసింది. నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. ఇక్కడ మా ప్రాణాలు పోతుంటే నీకు గోళీలు ముఖ్యమా అని అరిచాను. బ్యాచ్ మధ్యలో ఉంది కదక్కా అంది. ఆ మిగిలిన గంటల్లో మా లైనులో అందరి కళ్ళూ గడియారం మీదే ఉన్నాయి. నేను ఎన్ని ఖాళీ గుంటలు చూడకుండా వదిలేశానో నాకే తెలియదు. అరుణ వాటిని తన చివర పట్టుకుని తీసేస్తూనే ఉంది.

షిఫ్టు అయ్యాక లాకర్ల గదిలో ఫోను తెరిచింది. పేజీ రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక చూసి, మెల్లగా బల్ల మీద కూర్చుంది. నేను ఫోను లాక్కుని చూశాను గానీ అంకెలు తప్ప ఏమీ అర్థం కాలేదు. ఫోను పట్టుకుని టోపీతోనే బయటికి పరుగెత్తాను. వీర్రాజు గారు అక్కడే నిలబడి ఉన్నారు. రెండుసార్లు చదివి, కిందటేడు ఎంత ర్యాంకు దాకా సీటు వచ్చిందో తన ఫోనులో చూసి, తల పైకెత్తారు.

"గవర్నమెంటు సీటు ఖాయం రుక్మిణీ. డాక్టరమ్మ అయిపోయింది మన పిల్ల."

ఎవరు ఎవరిని కౌగిలించుకున్నారో గుర్తులేదు. మల్లేష్‌కు ఫోను చేసి చెబితే, అవతల ట్యాంకరు హారన్ ఆపకుండా మోగింది.

ఇక బస్సులో సంబరం చూడాలి. బస్సు కదలకముందే ఒకామె నడుము నొప్పి చెప్పింది. ఇంకొకామె అత్తగారి షుగరు సంగతి మొదలుపెట్టింది. వెనక సీటు నిషిత ఏకంగా నాలుక చాపి చూపించింది. నేనేం తక్కువ తినలేదు. అందరినీ తోసుకుని వెళ్ళి పక్కన కూర్చుని, నా కుడి చెయ్యి ఆమె ఒడిలో పెట్టాను. ఏళ్ళ తరబడి స్ట్రిప్పులు తీసీ తీసీ బొటనవేలి కణుపు వాచిపోయింది. పొద్దున లేవగానే వంగదు. మా ఊరి ఆర్‌ఎంపీ వాతం అన్నాడు. పటాన్‌చెరులో ఒకాయన నరం అన్నాడు, ఇంకొకాయన కాల్షియం తక్కువ అన్నాడు. చూడగానే చెప్పేశారు, రాసిచ్చేశారు. నేనూ మింగేశాను.

అరుణ నా వేలిని మెల్లగా వంచింది. ఎక్కడ నొస్తుంది, ఎప్పుడు ఎక్కువ, రెండో చేతికి కూడా ఉందా అని అడిగింది. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పినా మేం నమ్మేవాళ్ళమే.

"ఇదేందో నాకు తెల్వదక్కా," అంది. "సదువుకొని చెప్త."

నా వేలిని ఇంతమంది చూశారు గానీ, తెలియదని చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. నాకు కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. ఆ పిల్ల ఎంత చదివిందో నాకు పూర్తిగా అప్పుడే తెలిసింది. చెయ్యి వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు, ఇంద్రేశం వచ్చేదాకా ఆమె చేతిలోనే ఉంచాను.